మేకు కొట్టే ముందు: కౌన్సిల్ ఇళ్ళలో ఉంటున్నవారి ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో కౌన్సిల్ ఇంటి (బ్రిటన్‌లో స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇల్లు) రిపేర్ల గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, "మరి మేమే సొంతంగా ఏదైనా మార్చుకోవాలంటే?" అని ఉత్తరాలు వచ్చిపడ్డాయి. నేను తూర్పు లండన్‌లో ఒక కౌన్సిల్ హౌసింగ్ ఆఫీసులో 19 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అంతకుముందు తొమ్మిదేళ్ళు మా కాపురం కౌన్సిల్ ఫ్లాట్‌లోనే. అర్జీ పెట్టుకున్న చేత్తోనే తర్వాత అర్జీలు చూశానన్నమాట. వేరే చెప్పకపోతే కింద రాసిందంతా ఇంగ్లండ్ సంగతి.

ప్రశ్న: మాది మూడో అంతస్తులో కౌన్సిల్ ఫ్లాట్. ఆరేళ్ళుగా ఉంటున్నాం. తాలింపు పెడితే చాలు, ఇల్లంతా పొగ, స్మోక్ అలారం మోత. పోయిన వేసవిలో మావారి బంధువు ఒకాయన కబోర్డులు, వర్క్‌టాప్ మార్చి, కొత్త గ్యాస్ హాబ్ బిగించి, బయటి గోడకు కన్నం పెట్టి చిమ్నీ గొట్టం బయటికి తీశారు. మొత్తం 2,400 పౌండ్లయింది. ఏటా గ్యాస్ చెకింగ్‌కి వచ్చే అతను అంతా చూసి రాసుకెళ్ళాడు. ఇప్పుడు "అనుమతి లేకుండా మార్పులు చేశారు" అని లెటర్ వచ్చింది. ఇల్లు ఖాళీ చేయిస్తారా? అద్దె పెంచుతారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక గృహిణి, ఈస్ట్ హామ్

జవాబు: అమ్మా, లెటర్ సంగతి తర్వాత. ఆ హాబ్ బిగించిన బంధువుకి గ్యాస్ సేఫ్ రిజిస్ట్రేషన్, అంటే గ్యాస్ పని చేయడానికి ఉండాల్సిన నమోదు, ఉందా? ఉంటే ఫోటోతో కార్డు ఉంటుంది. లేకపోతే రిజిస్ట్రేషన్ ఉన్న ఇంజనీర్ వచ్చి చూసి కాగితం ఇచ్చేదాకా ఆ స్టవ్ వెలిగించకండి. చెకింగ్ అతను గ్యాస్ కట్టేయలేదు కదా అని ధీమాగా ఉండకండి, మీ దగ్గర ఒక కాగితం ఉండాలి. ఎప్పుడైనా గ్యాస్ వాసన వస్తే 0800 111 999కి చేయండి, రాత్రీ పగలూ పలుకుతారు.

ఇక ఖాళీ చేయించడం. ఒక లెటరుతో మిమ్మల్ని ఎవరూ వెళ్ళగొట్టలేరు. దానికి కోర్టు ఆర్డరు కావాలి, అలా చేయడం సబబేనని జడ్జికి అనిపించాలి. మీరు జవాబివ్వకుండా, తలుపు తీయకుండా నెలల తరబడి దాక్కుంటే తప్ప సంగతి అంతదూరం పోదు.

1985 హౌసింగ్ చట్టం ఏమంటుందంటే, సెక్యూర్ టెనెంటు (పక్కా అద్దె హక్కున్న కౌన్సిల్ అద్దెదారు) ఇంట్లో మార్పులు చేసుకోవచ్చు, కానీ ముందు కౌన్సిల్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. సరైన కారణం లేకుండా కౌన్సిల్ కాదనకూడదు. కాదంటే ఆ కారణం కూడా రాసివ్వాలి. ఇల్లు భద్రం కాకుండా పోతుందనో, తమకు ఖర్చు తగులుతుందనో, ఇంటి విలువ పడిపోతుందనో చూపించాల్సింది కూడా వాళ్ళే. మీకు పనికొచ్చే ముక్క ఇంకొకటుంది: పని అయిపోయాక కూడా అనుమతి అడగొచ్చు. కాబట్టి ఈ వారమే ఒక ఈమెయిల్ పెట్టండి. ఏమేం మార్చారు, ఎప్పుడు మార్చారు, ఫోటోలు, బిల్లులు, గ్యాస్ కాగితం. కరెంటు పాయింట్లు కదిలించి ఉంటే ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ కూడా. సారీ ఒక్కసారి చెప్తే చాలు, పేజీలు అక్కర్లేదు. నేను చదివిన అలాంటి ఉత్తరాల్లో సగం క్షమాపణలే, కొలతలు ఒక్కటీ ఉండేవి కావు!

కబోర్డులకి, వర్క్‌టాప్‌కి ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను. తంటా అంతా గోడ కన్నంతోనే. బయటి గోడ కౌన్సిల్ సొత్తు, పైగా మూడో అంతస్తు. పూడ్చమంటే పూడ్చండి, వాదించకండి. కన్నం అవసరం లేకుండా బొగ్గు ఫిల్టరుతో పొగను లాగి గాలిని మళ్ళీ గదిలోకే వదిలే హుడ్‌లు దొరుకుతాయి. ఇంగువ వాసన పూర్తిగా పోదు, కానీ పొగ కొంత తగ్గుతుంది. ఒకవేళ షరతులు పెట్టి అనుమతిస్తే వాటిని తప్పకుండా పాటించండి. సబబైన షరతును పక్కన పెడితే అది ఒప్పందం తప్పినట్టే.

మీరు చేయించుకున్న మార్పు వల్ల అద్దె పెంచడానికి లేదు. అది కూడా అదే చట్టంలో ఉంది.

నేనూ ఒకప్పుడు మీలాగే చేశాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు. మా పెద్దది పుట్టినప్పుడు ఊయల కోసం సీలింగ్‌కి కొక్కెం కావాలని మా మరిది డ్రిల్లు తెచ్చాడు. మా సీలింగ్ మీద అలలు అలలుగా గరుకు పూత ఉండేది. పొడి అంతా మంచం మీద, పసిదాని పొత్తిగుడ్డల మీద. చీపురుతో ఊడ్చి పారేశాను. నాలుగేళ్ళ తర్వాత సర్వే వాళ్ళు వచ్చి, ఆ పూతలో ఆస్‌బెస్టాస్ ఉంది, ముట్టుకోవద్దని చెప్తే కాళ్ళు వణికాయి. ఈ దేశంలో ఆస్‌బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది 1999లో. 2000 కంటే ముందు కట్టిన ఏ ఇంట్లోనైనా సీలింగ్ పూతలో, పాత నేల పలకల్లో, పైపుల పెట్టెల్లో అది ఉండొచ్చు. డ్రిల్లు పట్టే ముందు కౌన్సిల్‌కి ఒక్క ఫోను చేసి, మా ఫ్లాట్ ఆస్‌బెస్టాస్ రికార్డు చెప్పండని అడగండి. ఊయలకైతే స్టాండు దొరుకుతుంది. పిల్లకి తేడా తెలియదు.

ప్రశ్న: మా అత్తగారికి 71. మాతోనే ఉంటారు, బ్రిటిష్ పౌరసత్వం కూడా వచ్చింది. మోకాళ్ళు వంగవు. బాత్‌టబ్ గోడ దాటలేక సంక్రాంతి ముందు రోజు జారిపడ్డారు. టబ్ పీకించేసి టైల్స్ వేయిద్దామని మావారు 5,000 పౌండ్లు కూడబెట్టారు. కౌన్సిల్ పర్మిషన్‌కి ఎలా రాయాలి?
– ఒక కోడలు, హౌన్స్‌లో

జవాబు: పర్మిషన్‌కి రాయొద్దు. ఆ 5,000 బ్యాంకులోనే ఉంచండి.

కౌన్సిల్‌లో అడల్ట్ సోషల్ కేర్ అని వేరే విభాగం ఉంటుంది. వాళ్ళకి ఫోన్ చేసి ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనుల్లో ఇబ్బంది చూసి ఇంట్లో ఏ ఏర్పాట్లు కావాలో చెప్పే నిపుణులు) వచ్చి చూడాలని అడగండి. గోడకు పట్టుకునే కడ్డీలు, టబ్ మీద వేసుకునే పలక లాంటివి 1,000 పౌండ్ల లోపు ఖర్చువైతే ఉచితంగానే పెట్టాలి. టబ్ తీసేసి గడప లేని షవర్ పెట్టాలని థెరపిస్టు రాస్తే, వైకల్యం ఉన్నవారికి ఇల్లు అనువుగా మార్చడానికి ఇచ్చే డిసేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంటు ఉంది. ఇంగ్లండ్‌లో 30,000 పౌండ్ల దాకా, వేల్స్‌లో 36,000 దాకా. కౌన్సిల్ అద్దెదారులు కూడా అడగొచ్చు. చాలా కౌన్సిళ్ళు తమ ఇళ్ళకైతే సొంత హౌసింగ్ డబ్బుతోనే ఆ పని చేయిస్తాయి. ఆదాయం చూస్తారు, కానీ అత్తగారిది, మామగారుంటే ఆయనది. మీ ఆయన జీతం లెక్కలోకి రాదు. "కొడుకు సంపాదిస్తున్నాడు కదా, ఎలా అడుగుతాం" అని మొహమాటపడి సొంత డబ్బు పోసిన కుటుంబాలను నేను చాలానే చూశాను.

థెరపిస్టు వచ్చినరోజు అత్తగారిని మామూలుగా ఎలా చేస్తారో అలాగే చేసి చూపించమనండి. మా ఎస్టేట్‌లో ఒక పెద్దావిడ, ఒంగోలు వైపావిడ, అతిథి వచ్చిందని పట్టుచీర కట్టుకుని, నొప్పిని పళ్ళబిగువున ఆపుకుని, టబ్‌లోకి చకచకా ఎక్కి దిగింది. "సమస్య లేదు" అని రాసుకుని వెళ్ళిపోయారు! మళ్ళీ పిలిపించడానికి ఏడు నెలలు పట్టింది. బకెట్, చెంబు, పీట, వీటి గురించి కూడా చెప్పండి. షవర్ కింద నిలబడటం రాదు, కూర్చుని చెంబుతో పోసుకుంటారు అంటే, కుర్చీ ఎక్కడ బిగించాలి, కుళాయి ఎంత ఎత్తులో ఉండాలి అన్నది మారిపోతుంది.

ప్రశ్న: మావారికి నైట్ డ్యూటీ. నేను, ఇద్దరు పిల్లలు ఒంటరిగా ఉంటాం. ఫ్లాట్ తలుపు ముందు మన ఊళ్ళో లాగా ఇనుప గ్రిల్ గేటు పెట్టించుకుందామంటే కౌన్సిల్ కాదంది. మా భద్రత వాళ్ళకి పట్టదా?
– క్రాయ్‌డన్

జవాబు: ఈ ఒక్క విషయంలో నేను కౌన్సిల్ వైపే. తల్లీ, దొంగ వస్తాడేమోనన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ లోపల మంట లేచినప్పుడు మీరు ఆ గ్రిల్ తాళం చెవి కోసం వెతుక్కోవాలి, బయట ఫైర్ సిబ్బంది దాన్ని కోయాలి. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఫ్లాట్ల బిల్డింగు అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయాక ఫ్లాట్ తలుపుల విషయంలో ఎవరూ మాట వినరు, వినకూడదు కూడా. మీ ఫ్లాట్ తలుపు మామూలు చెక్క కాదు, అరగంట మంటను ఆపేలా చేసింది. పైన తనంతట తాను మూసుకునేలా చేసే చెయ్యి ఉంటుంది చూడండి, పిల్లలు వస్తూ పోతూ ఉంటారని చాలామంది దాన్ని ఊడదీస్తారు. ఊడదీయకండి. 2023 జనవరి నుంచి 11 మీటర్లకి మించిన బిల్డింగుల్లో ఈ తలుపులను ఏడాదికోసారి చూడాలని రూలు వచ్చింది.

గొలుసు, తలుపులోంచి బయటికి చూసుకునే కన్ను, మంచి తాళం కావాలని అడగండి, అయితే వాళ్ళ మనిషే బిగించాలి. ఆ తలుపుకి మీ అంతట మీరు కన్నాలు పెడితే మంటను ఆపే గుణం పోతుంది.

పనిలో పనిగా ఇంకొకటి. వరండాలో చెప్పుల స్టాండు, తులసి కుండీ, మడత మంచం, అన్నీ తీసేయిస్తారు. పొగలో కాలికి అడ్డం పడేవి అవే. తులసిని వంటింటి కిటికీలో పెట్టుకోండి, దక్షిణం వైపు ఎండ తగిలితే లండన్‌లో కూడా అక్టోబరు దాకా బతుకుతుంది.

ప్రశ్న: కార్పెట్ తీసేసి లామినేట్ వేసుకోవడానికి కూడా అడగాలా?
– లెస్టర్

జవాబు: కింద ఇంకొకరి ఇల్లు ఉంటే అడగండి. చాలా ఒప్పందాల్లో విడిగా రాసే ఉంటుంది. కింద మందపాటి రబ్బరు పరుపు వేస్తామని అర్జీలోనే రాస్తే ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది. రేపు పైపు పగిలి ఆ నేల లేపాల్సి వస్తే తిరిగి వేసే ఖర్చు మీదే అవ్వొచ్చు, అది లెక్కలో పెట్టుకోండి. గోడలకి లోపల రంగు వేసుకోవడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. బయటి రంగుకి, టీవీ యాంటెన్నాకి అడగాలి, ఆ రెండూ చట్టంలోనే ఉన్నాయి. డిష్‌కీ అడిగే పెట్టండి. దానికీ, పెరట్లో షెడ్డుకీ ఒక్కోసారి ప్లానింగ్ వాళ్ళ (కట్టడాలకు అనుమతిచ్చే విభాగం) అనుమతి కూడా కావాలి. ఒకే కౌన్సిల్ కదా అనుకోకండి. తహసీల్దారు ఆఫీసులో ఒక బల్ల మీద సంతకమైతే పక్క బల్ల మీద అయినట్టేనా?

కొత్తగా చేరినవాళ్ళు, అంటే మొదటి ఏడాది ఇంట్రడక్టరీ టెనెన్సీలో ఉన్నవాళ్ళకి ఈ చట్టపు హక్కు ఇంకా రాదు. ఒక ఏడాది ఆ కార్పెట్‌నే భరించండి.

ప్రశ్న: షవర్ మార్చుకుంటామని మెయిల్ పెట్టి ఐదు వారాలైంది. జవాబు లేదు. మౌనం అంగీకారమేనా?
– ఎడింబరో

జవాబు: తమ్ముడూ, మీరు ఎడింబరోలో ఉండటం అదృష్టం. 2001 స్కాట్లండ్ హౌసింగ్ చట్టం ప్రకారం రాతపూర్వక అర్జీకి నెలలోపు జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే. మెయిల్ పంపిన తేదీ కనిపించేలా ప్రింటు తీసి దాచుకోండి.

ఇదే ఇంగ్లండ్‌లో అయితే సరిగ్గా తలకిందులు. తగినంత కాలం గడిచినా పలకకపోతే కాదన్నట్టే లెక్క. అప్పుడు కంప్లయింట్ పెట్టండి. జవాబుకి గడువు మొదటి మెట్టులో 10 పనిదినాలు, రెండో మెట్టులో 20, అప్పటికీ తేలకపోతే హౌసింగ్ ఆంబుడ్స్‌మన్, అంటే అద్దెదారుల ఫిర్యాదులు తేల్చే స్వతంత్ర సంస్థ. ఫీజు లేదు. ఫోన్లో "ఆఁ, చేసుకోండి" అన్నవాళ్ళ మాట మీద మాత్రం పని మొదలుపెట్టకండి. నేనే ఎన్నోసార్లు అలా అని ఉంటాను, తర్వాత నా సీట్లోకి వచ్చినవాళ్ళకి అది ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మూడేళ్ళ కిందట కౌన్సిల్ లెటర్ తీసుకునే 1,800 పౌండ్లు పెట్టి షవర్ మార్పించాం. ఇప్పుడు బర్మింగ్‌హామ్‌కి మారిపోతున్నాం. షవర్ ఊడదీసుకుని పోవచ్చా?
– వాల్తమ్‌స్టో

జవాబు: ఊడదీయకండి, డబ్బు అడగండి. 1994 ఏప్రిల్ నుంచి దీనికి రూలు ఉంది. ఒక్కో వస్తువుకి ఇన్నేళ్ళ ఆయుష్షు అని లెక్క కట్టారు. షవర్‌కి 12, వంటింటి సింకుకి 10, డబుల్ గ్లేజింగ్‌కి 20, ఇంటి వైరింగ్‌కి 15. మీ షవర్ 12 ఏళ్ళలో మూడేళ్ళు వాడారు, పావు వంతు పోయింది. 1,800లో 450 తీసేస్తే 1,350 రావాలి. ఒక్కో మార్పుకి 3,000 మించి ఇవ్వరు, 50 కంటే తక్కువైతే అసలివ్వరు. మీరు స్వయంగా పడ్డ కష్టానికి కూలీ కట్టరు. అద్దె బాకీ ఉంటే అందులోంచి పట్టుకుంటారు.

అర్జీ పెట్టడానికి గడువు చాలా తక్కువ. టెనెన్సీ ముగిసే రోజుకి 28 రోజుల ముందు మొదలై, ముగిశాక 14 రోజులకి అయిపోతుంది. సామాన్లు సర్దే హడావిడిలో పడి అందరూ పోగొట్టుకునేది ఇక్కడే. అదే ఇంటిని రైట్ టు బై (కౌన్సిల్ అద్దెదారుకి ఆ ఇంటిని కొనుక్కునే హక్కు) కింద కొనుక్కుంటే ఈ డబ్బు రాదు, కాకపోతే ధర కట్టేటప్పుడు మీరు చేయించిన మార్పుల విలువను కలపరు.

షవర్ బిల్లు, కౌన్సిల్ లెటర్ ఏ అట్టపెట్టెలో పెట్టారో ఈ రాత్రే వెతకండి. లారీ ఎక్కాక దొరకవు.