ఎదిగే ఒంటికని పెద్దది కొనకండి

ప్రశ్న: మా మనవడికి రెండున్నరేళ్లు. పెడల్స్ లేని బ్యాలెన్స్ బైక్ కొందామనుకుంటున్నాం. మా అమ్మాయేమో ‘కాస్త పెద్దది తీసుకుంటే నాలుగేళ్లు వస్తుంది’ అంటోంది. ఏ సైజు మంచిది?
– ఒక అమ్మమ్మ, నిజామాబాద్

జవాబు: అమ్మా, ఇది స్కూల్ యూనిఫాం కాదు, పెద్దది కొని మడిచి కుట్టించడానికి. నేనూ మా పాపకి అలాగే కొన్నాను. సీటెక్కితే మునివేళ్లు మాత్రమే నేలకి తగిలేవి. రెండు రోజులు ఏడ్చి వదిలేసింది. ఆర్నెల్లు ఆ హ్యాండిల్ మీద తువ్వాళ్లు ఆరేశాం.

పెట్టె మీది వయసు పక్కన పెట్టండి. బాబుకి బూట్లు తొడిగి గోడకి ఆనించి నిలబెట్టండి. కాళ్ల మధ్య ఒక అట్ట పుస్తకాన్ని పైకంటా ఆనించి, దాని పై అంచు నుంచి నేలదాకా టేపుతో కొలవండి. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, సీటు 33, 34 దగ్గర ఉండాలి. అప్పుడే పాదాలు పూర్తిగా ఆని, మోకాళ్లు కొంచెం వంగుతాయి. సీటు 31 దాకా దిగి, 40 దాటి లేచే 12 అంగుళాల చక్రాల బండి దొరికితే మీ అమ్మాయి కోరికా తీరుతుంది. బరువు నాలుగు కిలోలు మించకుండా చూడండి, పడితే వాడే లేపుకోవాలి కదా! హెల్మెట్ కూడా అదే రోజు కొనేయండి.