తిరిగొచ్చిన కవితను ఏం చేయాలి

చిరంజీవికి ఆశీస్సులు.

రాయడానికి ఏమీ తోచడం లేదని ఒకచోట, పత్రికలకు పంపినవన్నీ తిరిగొస్తున్నాయని ఇంకోచోట రాశావు. వాటిని నువ్వు రెండు కష్టాలనుకుంటున్నావు గానీ నాకు రెండింటికీ ఒకటే మూలం కనిపిస్తోంది. నీ దగ్గర ఉన్న కవితలు చాలా తక్కువ. ఒకటి తిరిగొస్తే చేతిలో ఇంకేమీ ఉండటం లేదు.

ముందు తోచకపోవడం సంగతి. వస్తువు కోసం వెతకడం మానెయ్. 'స్వేచ్ఛ', 'ఒంటరితనం', 'అమ్మ' అని పైన రాసుకుని కూర్చుంటే, అదివరకు చదివిన కవితలే గుర్తొస్తాయి. జేబులో పట్టే నోటుబుక్కు ఒకటి పెట్టుకో. రోజుకు ఐదు వాక్యాలు, చూసినవీ విన్నవీ మాత్రమే రాయి. ఉపమానాలూ అభిప్రాయాలూ వద్దు, తేదీ మాత్రం వెయ్యి. ఎవరైనా అన్న మాటైతే వాళ్ళ యాసలో ఉన్నదున్నట్టు దించు. 'ఎల్లిపోయిండు' అన్నదాన్ని 'నిష్క్రమించాడు' అని దిద్దితే ఆ మాటలో మనిషి ఉండడు.

నెల తిరిగేసరికి నూటయాభై వాక్యాలవుతాయి. పెన్సిలు పట్టుకుని చదువుతూ, ఎందుకో తెలియకుండానే నిన్ను ఆపిన వాటికి గుర్తు పెట్టు. పది, పన్నెండుకు మించవు. వాటిలో ఏ సంబంధమూ లేని రెండింటిని ఒకే పేజీలో పక్కపక్కన రాసి చూడు. రెండూ ఎక్కడ కలుస్తాయా అని మనసు తడుముకోవడం మొదలుపెడితే కవిత మొదలైనట్టే.

అప్పటికీ కదలకపోతే ఛందస్సు పట్టుకో. వచన కవిత రాసేవాళ్ళకూ ఇది పనికొస్తుంది. మూడు మాత్రలూ నాలుగు మాత్రలూ మార్చి మార్చి వచ్చే మిశ్రగతిలో (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు) పన్నెండు పాదాలు రాయి. గురజాడ 1910లో ముత్యాల సరానికి పట్టుకున్న నడక అదే. లెక్క కుదరక నువ్వు రోజూ వాడే మాటలు పక్కకు తప్పుకుంటాయి, ఎన్నడూ వాడనిది ఒకటి వచ్చి కూర్చుంటుంది. పాదాలు పారేసినా పరవాలేదు, ఆ మాట దాచుకో.

ఒక హెచ్చరిక. పొద్దున్న విన్న వార్త మీద మధ్యాహ్నానికి కవిత పూర్తిచేసి సాయంత్రానికి పంపకు. సంపాదకుడి ముందు అదే రోజు అదే వార్త మీద పది కవితలుంటాయి, వాటిలో సగం ఒకే పోలికతో మొదలవుతాయి. నీ కోపం నిజమైనదే, కాదనను. అది నీకు మాత్రమే కనిపించిన ఒక వివరం దగ్గరికి చేరేదాకా ఆగు.

పంపే ముందు ప్రతి కవితనూ మూడు వారాలు కళ్ళకు కనపడకుండా పెట్టి, తర్వాత గొంతెత్తి చదువు. కొత్తవాళ్ళ కవితలను ఎక్కువగా దెబ్బతీసేవి మూడున్నాయి. మొదటిది 'ఆశల పల్లకి', 'కలల తీరం', 'జ్ఞాపకాల దొంతర' లాంటి జంటలు. పల్లకీ కనపడదు, ఆశా తెలియదు. వాటికి గీత పెట్టు, ఉంచితే ఒక్కటే ఉంచు. రెండోది క్రియలు. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి, వాక్యం అయినచోటల్లా పాదం విరిస్తే 'వచ్చింది, చూసింది, పోయింది' అంటూ ఒకే చప్పుడు వినిపిస్తుంది. కొన్ని పాదాలను నామవాచకం మీద ఆపి, క్రియను కింది పాదంలోకి జార్చు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అప్పుడు పాఠకుడికి తెలుస్తుంది. మూడోది ముగింపు. చివరి రెండు పాదాలను అరచేత్తో మూసి చదువు. కవిత ఇంకా నిలబడే ఉంటే, ఆ రెండూ వివరణ అన్నమాట, కొట్టెయ్. అమెరికా కవయిత్రి ఎలిజబెత్ బిషప్ రాసిన 'వన్ ఆర్ట్' 19 పాదాల కవిత. దానికి పదిహేనుకు పైగా చిత్తుప్రతులున్నాయి. నువ్వు నాలుగో ప్రతి దగ్గర అలసిపోతే అది చేతకానితనం కాదు, పని ఇంకా మిగిలి ఉంది, అంతే.

ఇక తిరిగిరావడం. సంచికలో నాలుగు కవితలకే చోటుంటే ఐదోది ఎంత బాగున్నా ఆగిపోతుంది. వానమీద కవిత ఒకటి అప్పటికే తీసుకుని ఉంటే నీ వాన తిరిగొస్తుంది. ఇవేవీ నీకు చెప్పరు, అందుకే అంత గుచ్చుకుంటుంది. ఆ నొప్పిని నేను తక్కువ చేయను. రెండు రోజులు బాధపడు, కానీ ఆ రెండు రోజుల్లో సంపాదకుడికి జవాబు రాయకు, కవితలో అక్షరం మార్చకు.

నోటుబుక్కుకు దూరంగా వేరే పట్టిక ఒకటి పెట్టుకో. కవిత పేరు, ఎన్నవ ప్రతి, ఎక్కడికి, పంపిన తేదీ, జవాబు, తర్వాత ఎక్కడికి, ఈ ఆరు గడులు చాలు. 'తర్వాత ఎక్కడికి' అన్న గడిని పంపేనాడే నింపు, తిరిగొచ్చాక నింపాలంటే చెయ్యి రాదు. ఒక్కో చోటికి మూడు నుంచి ఐదు కవితలు, గట్టిది ముందు. మొత్తం మీద పన్నెండు కవితలైనా బయట తిరుగుతుండాలి, అప్పుడు ఒక్కదాని జవాబు నీ వారాన్ని మింగదు. ఒకే కవితను రెండుచోట్లకు పంపడం కొన్ని పత్రికలు ఒప్పుకోవు, నిబంధనలు చదువు. ఒప్పుకున్నా, ఒకచోట తీసుకున్నరోజే రెండోచోటికి తెలియజెయ్యాలి. సామాజిక మాధ్యమాల్లో పెట్టినదాన్ని చాలామంది అచ్చయినట్టే లెక్కిస్తారు. గడువు చెప్పనిచోట మూడు నెలలు ఆగి, రెండు వాక్యాల్లో మర్యాదగా అడుగు.

జవాబుల్లో తేడాలు గమనించు. అందరికీ పంపే వాక్యం నీ కవిత గురించి ఏమీ చెప్పదు. నీ పాదం ఒకటి ఎత్తి చూపారంటే సంపాదకుడు రెండోసారి చదివాడని అర్థం. 'మరొకటి పంపండి' అంటే నిజంగానే పంపమని. నెల లోపల పంపు, అయితే మూడు వారాల నిద్ర అయిన కవితే పంపు.

తిరిగొచ్చిన ప్రతిసారీ దిద్దకు. పదిమంది ఇష్టాలకు అరగదీస్తే చివరికి ఎవరిదీ కాని కవిత మిగులుతుంది. కాగితం మీద చదివి, తప్పు నీకే కనిపిస్తే దిద్దు, లేకపోతే అలాగే తర్వాతి చోటికి పంపించు. ఐదుచోట్ల నుంచి వచ్చేస్తే అప్పుడు మొదటి పాదాలు చూడు, తరచూ అసలు కవిత నాలుగో పాదం దగ్గర మొదలవుతుంది. పదిసార్లయితే ఆరు నెలలు పక్కన పెట్టు. శ్రీశ్రీ 1930లలో రాసిన కవితలు 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చేసరికి 1950 అయింది.

చిత్తుప్రతులు చింపకు. ఈసారి నాకు ఉత్తరం రాసేటప్పుడు ఎక్కువసార్లు తిరిగొచ్చిన కవిత ఒకటి, దాని మొట్టమొదటి ప్రతితో కలిపి పంపు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.