ఎంఆర్ఐ అంటే స్కానింగ్ సెంటరే కాదండి

అమలాపురం దగ్గరి ఊరి నుంచి ఒక రైతు అడిగారు: "మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. ఫ్యూయల్ సెల్‌కి ఎంఆర్ఐ తీసే పరిశోధన చేస్తానంటోంది. ఎంఆర్ఐ అంటే స్కానింగే కదా, డిగ్రీ మాన్పించి కాకినాడలో టెక్నీషియన్ కోర్సులో చేర్పించమంటారా?"

మాన్పించకండి. ఆస్పత్రిలో స్కాన్ తీసే ఉద్యోగం మంచిదే, కానీ మీ అమ్మాయి అడుగుతున్నది అది కాదు. యంత్రం పనిచేసే పద్ధతి మాత్రం రెండుచోట్లా ఒకటే. బలమైన అయస్కాంతంలో పెట్టి రేడియో తరంగాలు పంపితే నీటిలోని హైడ్రోజన్ బదులు పలుకుతుంది. మన ఒంట్లో అయినా, ఫ్యూయల్ సెల్‌లో అయినా వెతికేది ముఖ్యంగా నీటినే.

వరి పండించే మీకు ఈ నీటి గొడవ చెప్పడం తేలిక. ఫ్యూయల్ సెల్‌లో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే కరెంటుతో పాటు నీరూ పుడుతుంది. మధ్యలో వెంట్రుకంత మందాన ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది ఎండిందా, హైడ్రోజన్ నుంచి వచ్చే ప్రోటాన్లనే కణాలు సరిగా దాటవు. నీరు నిలిచిందా, సందులు మూసుకుపోయి ఆక్సిజన్ అందదు. కాలువ శివారు చేను ఎండడం, మురుగు కాలువ పూడి పల్లపు చేను మునగడం మీరు చూడనివా? ఆ ఎండూ ముంపూ ఎక్కడ మొదలవుతున్నాయో సెల్ విప్పకుండా, అది నడుస్తుండగానే ఎంఆర్ఐతో చూడాలి. భారజలం, అంటే బరువైన రకం హైడ్రోజన్ ఉన్న నీరు, మామూలు ఎంఆర్ఐకి కనిపించదు. దాన్ని ఒకవైపు నుంచి పంపితే ఏ నీరు ఎటు కదులుతోందో కూడా తెలుస్తుంది.

చిక్కు ఏమిటంటే, సెల్‌లోని లోహపు పలకలు రేడియో తరంగాలను లోపలికి పోనివ్వవు, కార్బన్ కూడా ఇబ్బంది పెడుతుంది. అందుకని వీలైనంత ప్లాస్టిక్ వాడి సెల్‌ని ప్రత్యేకంగా చేసుకోవాలి. ఈ పనిలో సగం చేతిపనే. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం మీ అమ్మాయికి సరదాయేనా? మార్కుల కంటే ముందు నేను అడిగేది ఇదే.

డిగ్రీ చివరి ఏడాదిలో ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాయించండి, ఏటా ఫిబ్రవరిలో ఉంటుంది. సీటు రాకపోతే ఆంధ్రా యూనివర్సిటీలోనో, రాజమహేంద్రవరం నన్నయ యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ చేసినా నష్టం లేదు. తర్వాత నెట్, గేట్ అనే అర్హత పరీక్షలు, ఆపైన పీహెచ్‌డీ. నెట్‌లో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె వేరు. మొత్తం ఏడెనిమిదేళ్ల ప్రయాణం. పెళ్లి సంగతి మీరు అడగలేదు, నేనూ ఎత్తను.

ఎంఆర్ఐకి మూలమైన అయస్కాంత విద్య ఎన్ఎంఆర్‌కి బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి. ఫ్యూయల్ సెల్‌కి చెన్నైలో ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం, తమిళనాడులోనే కారైకుడిలో సెక్రీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉన్నాయి. రెండూ ఒకేచోట కావాలని పట్టుబడితే అవకాశాలు తగ్గిపోతాయి. ముందు ఎన్ఎంఆర్ గట్టిగా నేర్చుకోమనండి. మందుల కంపెనీకైనా, బ్యాటరీ ల్యాబుకైనా ఆ విద్య పనికొస్తుంది.

ఇప్పటికి ఒక్క పని చేయండి. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి డిగ్రీ విద్యార్థులకు వేసవి ఫెలోషిప్ ఇస్తాయి. దానికి దరఖాస్తు పెట్టించండి. రెండు నెలలు ల్యాబులో ఉండి వచ్చాక ఆ పని తనకు నచ్చిందో లేదో తనే చెబుతుంది.