నాణేల పిచ్చోళ్ళు కలిస్తే గంటలు గంటలు ఏం మాట్లాడుకుంటారు?

మీ ప్రశ్న మా ఆవిడకి చదివి వినిపించానమ్మా, "ఎవరో గానీ నా మనసులో మాట రాసింది" అంది. ఆదివారం అయితే చాలు మీవారు విజయవాడలో కాయిన్స్ వాళ్ళ దగ్గర కూర్చుని భోజనం టైముకి కూడా ఇంటికి రారు, రూపాయి బిళ్ళల గురించి అంతసేపు మాట్లాడుకోడానికి ఏముంటుంది, నిజంగా అక్కడికేనా వెళ్ళేది, పైగా ఎంత తగలేస్తున్నారో చెప్పరు అని కదా మీ బాధ. అక్కడికే వెళ్తారు, ఆ అనుమానం పెట్టుకోకండి. మాది గుంటూరు, మాకూ అలాంటి బ్యాచ్ ఒకటుంది, అరండల్‌పేటలో ఓ టీ కొట్టు ముందు బల్లల మీద చేరతాం, అప్పుడప్పుడు బెజవాడ వాళ్ళు ఇటొస్తారు, మేము అటెళ్తాం, తెనాలి నుంచి కూడా ఒకరిద్దరు వస్తారు. కాబట్టి లోపలి మనిషిగానే చెప్తున్నా.

మీరు అనుకుంటున్నట్టు అక్కడ డబ్బు మాట చాలా తక్కువ. గొడవంతా తేడాల గురించి. బయటివాళ్ళకి ఒకేలా కనపడే రెండు బిళ్ళల్లో తేడా ఎవడు ముందు పట్టాడు అనేదే పందెం, మిగతాదంతా దాని చుట్టూ కబుర్లు.

నమ్మకపోతే ఇప్పుడే ఫ్రిజ్ మీదో దేవుడి గూట్లోనో ఉన్న చిల్లర తీయండి. రూపాయి బిళ్ళ మీద సంవత్సరం అంకె ఉంటుంది కదా, సరిగ్గా దాని కింద చూడండి, చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ మింట్‌లో, అంటే నాణేలు తయారుచేసే ప్రభుత్వ టంకశాలలో కొట్టింది, డైమండ్ ఆకారం ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. అంటే ఒకే సంవత్సరం రూపాయి నాలుగు రకాలుగా దొరకొచ్చు, దొరక్కపోనూ వచ్చు, ఎందుకంటే అన్ని మింట్లూ అన్ని సంవత్సరాలూ అన్ని బిళ్ళలూ కొట్టవు. పిచ్చి మొదలయ్యేది ఇక్కడే. నయా పైసల కాలానికి వెళ్తే హైదరాబాద్ గుర్తు నక్షత్రం కూడా కాదు, మధ్యలోకి చీలిన డైమండ్, ఆ తర్వాత కొన్నాళ్ళు డైమండ్‌లో చుక్క. ఒకసారి బాగా అరిగిన పైసా మీద ఆ డైమండ్ చీలిందా, అరిగి అలా కనపడుతోందా అని మావాళ్ళు భూతద్దం చేతులు మార్చుకుంటూ పూటంతా గడిపేశారు, తేలిందా అంటే తేల్లేదు.

నాకీ జబ్బు ఉద్యోగంలో అంటుకుంది. ఆర్టీసీలో కండక్టర్‌గా చేశానమ్మా, రోజంతా చిల్లరతోనే బతుకు. డిపోలో డబ్బు కట్టేముందు సంచి బోర్లించి లెక్కపెట్టుకునేటప్పుడు ఏదైనా కొత్తగా కనపడితే దాని బదులు నా జేబులో రూపాయి వేసి అది తీసుకునేవాణ్ణి, లెక్క లెక్కే మళ్ళీ. 2011 జూన్ 30 తర్వాత పావలా, అంతకన్నా చిన్నవి చెల్లవు అన్నప్పుడు జనం ఎక్కడెక్కడో దాచుకున్నవన్నీ బస్సులోకి తెచ్చారు చూడండీ, తామరపువ్వు ఉన్న ఇత్తడి రంగు ఇరవై పైసలు అప్పుడే చూశా మళ్ళీ, మా అమ్మమ్మ అందులో బంగారం కలిసిందని మూట కట్టి పెట్టింది, బంగారం లేదు ఏం లేదు, రాగి కలిసిన మిశ్రమ లోహం అంతే.

పెద్దవాళ్ళు కూర్చున్నారంటే మాట విక్టోరియా రూపాయి మీదకి పోతుంది. 1876 దాకా ఆవిణ్ణి క్వీన్ అని రాశారు, 1877 నుంచి ఎంప్రెస్, ఇది అందరికీ తెలిసిందే, పిచ్చి ముదిరినవాళ్ళది 1862. ఆ సంవత్సరం అంకె వేసిన రూపాయినే 1874లో మళ్ళీ అసలు తేదీ వేసేదాకా కొట్టుకుంటూ పోయారు, అందుకని 1862 అని ఉన్నంత మాత్రాన ఆ ఏడాదిదే అని చెప్పలేం, తేదీ దగ్గర పెట్టిన సన్నటి చుక్కలు పైన ఎన్ని కింద ఎన్ని అని లెక్కపెట్టి ఏ రకమో తేల్చుకోవాలి. బెజవాడ నుంచి వచ్చే ఒకాయన ఉన్నారు, రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఆయనకి ఇంకేం అక్కర్లేదు, చుక్కలే. మీవారు ఆయన పక్కన కూర్చున్నారంటే ఇక మీరు అన్నం తినేసి పడుకోవడం మంచిది.

నైజాం రూపాయి అయితే ఇంకో తమాషా. చార్మినార్ బొమ్మ ఉంటుంది కదా, ఆ గుమ్మం మధ్యలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది, మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఐన్, అంటే వాళ్ళ పేర్లలో మొదటి అక్షరాలు. ఉస్మాన్ అలీ ఖాన్ వాటిలో మళ్ళీ ఆ ఐన్ పొట్టిగా ఉందా పూర్తిగా రాశారా అనేది ఇంకో తేడా. కృష్ణ దాటితే నైజామే కాబట్టి పల్నాడు వైపు పాత ఇళ్ళలో ఇవి తగులుతుంటాయి. ఇంగ్లీషు వాళ్ళ రూపాయి 11.66 గ్రాములు, నైజాం రూపాయి 11.18, మా బ్యాచ్‌లో ఒకతను నగల కొట్లో వాడే చిన్న కాటా జేబులో వేసుకుని తిరుగుతాడు, వాదన ముదిరితే కాటా బయటికొస్తుంది. నకిలీవి కూడా సగం దానికే దొరికిపోతాయి, మిగతా సగం అంచు మీద గీతలు చూస్తే దొరుకుతాయి, పోతపోసిన వాటికి ఆ గీతలు మొద్దుగా వస్తాయి.

ఒకసారి ఒకాయన ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మద్రాసులో కొట్టిన పావు వరహా తెచ్చారు, వెండిది, 1807-08 ప్రాంతపుది. ఒక పక్క గుడి గోపురం, చుట్టూ నక్షత్రాలు, ఇంకో పక్క విష్ణుమూర్తి, ఆయన చుట్టూ బెల్టులాంటి పట్టీ, ఆ పట్టీలో తమిళం, తెలుగు. ఆ తెలుగు అక్షరాలు చూడాలమ్మా, అచ్చు మన తాతల దస్తావేజుల్లో రాతలా గుండ్రంగా, తలకట్లు అరిగిపోయి. నలుగురం తలా ఒకలా చదివాం. టీ కొట్టతను కూడా వచ్చి ఆయనకి తోచింది ఆయన చదివి వెళ్ళాడు. ఎంత చేస్తుందని ఆ పూట ఎవ్వరూ అడగలేదు.

ఇక మాకు ప్రాణం పోయేది ఎప్పుడంటే, కొత్తగా ఎవరైనా వాళ్ళ నాయనమ్మ రూపాయిలు తళతళా తోమి తెచ్చినప్పుడు. మొన్నామధ్య ఒక కుర్రాడు వరలక్ష్మీ వ్రతం పూజలో పెట్టే విక్టోరియా రూపాయిలు తెచ్చాడు, పసుపు కుంకుమ అంటుకుపోయి ఉంటే బాగోదని చింతపండు పెట్టి పీచుతో రుద్దేశాడు పాపం. రాణిగారి చెంప మీద గీతలు, కిరీటంలో నలుపు మొత్తం పోయింది. ఎవరికీ నోట మాట రాలేదు, చివరికి మాస్టారే "పూజలో పెట్టుకో నాయనా, అమ్ముకోకు" అన్నారు. అలా తోమిన దానికీ, కాసులపేరు కోసం కంసాలి కొక్కెం అతికించిన దానికీ వెండి ధర దాటి ఎవరూ ఇవ్వరు. మీ ఇంట్లో ఏమన్నా నల్లగా ఉన్నవి కనపడితే దయచేసి ముట్టుకోకండి, ఆ నలుపుకే మీవారు డబ్బులిచ్చి ఉంటారు.

వాట్సాప్ లక్షాధికారులు కూడా వస్తారు. 2012లో వైష్ణోదేవి బొమ్మతో ఐదు, పది రూపాయల బిళ్ళలు వచ్చాయి, దానికి పది లక్షలని వీడియోలు. ఇంకొకరు 1818 అని రాసి శ్రీరామ పట్టాభిషేకం ఉన్న రాగి బిళ్ళ తెస్తారు, ఈస్టిండియా కంపెనీ అని కూడా ఉంటుంది దాని మీద, కంపెనీ అలాంటిది ఎప్పుడూ కొట్టలేదు, గుళ్ళ దగ్గర అమ్మే బిళ్ళలు అవి. రైస్ పుల్లింగ్ అని బియ్యం లాగే బిళ్ళ కోసం వచ్చేవాళ్ళని అయితే కూర్చోనివ్వం కూడా. పాత నాణేలు కొంటామని రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ముందుగా కమిషన్, టాక్స్ అంటూ డబ్బు కట్టించుకునే వాళ్ళున్నారు జాగ్రత్త అని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది, మా వాడొకడు ఆ ప్రకటన ఫోన్‌లో దాచి పెట్టుకున్నాడు, ఎవరైనా వాదిస్తే చూపిస్తాడు, అయినా కొందరు నమ్మరు, మేమేదో కారుచౌకగా కొట్టేయడానికి చెప్తున్నాం అనుకుంటారు.

పది రూపాయల బిళ్ళ సంగతి మీకూ తెలిసే ఉంటుంది, మన వైపు చాలా కొట్లలో తీసుకోరు. గీతలు పది ఉంటే అసలుది, పదిహేనుంటే నకిలీ అని ఎవడో పుట్టించాడు. రెండూ అసలువే, రూపాయి గుర్తు రాకముందు కొట్టిన వాటికి పదిహేను, వచ్చాక పది. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలోనే చెప్పింది. మాకు మాత్రం పండగే, కూరగాయల వాళ్ళు వద్దన్నవన్నీ మా దగ్గరికే వస్తాయి.

పాత సీసం బిళ్ళల మాట కూడా వస్తుంది, అమరావతి పక్కనే ఉన్నాం కదా, శాతవాహనుల ఏనుగు, ఓడ బొమ్మ, ఉజ్జయిని గుర్తు, వినడానికి బాగుంటుంది. కానీ పొలంలో దొరికిందని ఎవరైనా రహస్యంగా చూపిస్తే లేచి వచ్చేయమని మీవారికి చెప్పండి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది, ఇప్పటికీ అదే. పైగా సీసం పోతపోయడం చాలా తేలిక, అలా గుడ్డలో చుట్టి తెచ్చేవాటిలో నకిలీలు ఎక్కువ.

ఖర్చు సంగతి అడిగారు. ఒకరినొకరు "ఎంతకి కొన్నావు" అని మొహం మీద అడగడం మా దగ్గర మర్యాద కాదు, అందుకే ఇంట్లో కూడా నోరు తిరగదేమో ఆయనకి. ఎవడైనా బిళ్ళ చూసి "పర్లేదులే" అని పక్కన పెట్టాడంటే వాడికి అది కావాలని అర్థం, నిజంగా అక్కర్లేనిదాన్నే తెగ పొగుడుతాడు. చాలామందిది మార్పిడి బేరమే, నీ దగ్గర రెండున్నాయి, నా దగ్గర రెండున్నాయి. చిల్లికాణీలు, 1969 గాంధీ ఇరవై పైసలు, అల్యూమినియం మూడు పైసలు లాంటివి తెస్తుంటే కంగారు పడకండి, అవి బోలెడు దొరుకుతాయి. వెండివి తెస్తుంటే మాత్రం అడగండి, అడగాలి. 1940కి ముందు రూపాయిల్లో వెండి నూటికి 91 పైనే ఉండేది, యుద్ధం వచ్చాక 1940 నుంచి సగానికి తగ్గించారు, 1947కి నికెల్ చేసేశారు, కొత్తవాళ్ళు చూస్తే ఏది వెండో తెలీదు, ఏది ఏదో మీకూ తెలిసుండాలి.

ఆల్బమ్ ఏది వాడుతున్నారో కూడా ఒకసారి చూడండి. మెత్తగా వంగి ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ పేజీలైతే మన కోస్తా ఉక్కకి రాగి బిళ్ళల మీద పచ్చగా జిగురు పడుతుంది, అట్ట ఫ్రేములవి కొనిపెట్టండి, బీరువాలో సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడేయండి.

ఇంకొకటి, ఇది మా బ్యాచ్‌లో జరిగింది కాబట్టి చెప్తున్నా. ఒకాయన పోయాక వాళ్ళ పిల్లలకి ఏది ఏంటో తెలీక డబ్బా మొత్తం వెండి కొట్లో తూకానికి వేసేశారు, మాకు తెలిసేసరికి కరిగించేశారు కూడా. అందుకని మీవారిచేత ఒక నోట్‌బుక్ రాయించండి, ఏ సంవత్సరం, ఏ మింట్, ఎవరి దగ్గర తీసుకున్నది, ఎంత పెట్టారు, ఒక్కో బిళ్ళకి ఒక్కో వరుస. ఖర్చు లెక్క కూడా అందులోనే బయటపడుతుంది, మీరు విడిగా అడగక్కర్లేదు. మా ఆవిడ నాచేత అలాగే రాయించింది, ఆఖరి పేజీలో అమ్మాల్సి వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఇద్దరి పేర్లు కూడా రాయించింది, అందులో ఒకటి ఆ చుక్కల మాస్టారిది.