అయిదుగురూ అయిదు దిక్కులు చూస్తుంటే

సైనిక వాహనాల నమూనాలు, డయోరమాలు (నేలతో, బొమ్మలతో కూర్చిన చిన్న దృశ్యాలు): పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మూడు నెలలు కష్టపడి 1:35 స్కేలులో, అంటే అసలు దానిలో 35వ వంతు సైజులో, అమెరికన్ షెర్మన్ ట్యాంకు చేశాను. అయిదుగురు సిబ్బంది బొమ్మలనూ పెట్టాను. చూసినవారందరూ ట్యాంకు బాగుందంటున్నారు, కానీ మొత్తం దృశ్యం ఎందుకో అతికినట్టు లేదు. ఫొటో పంపుతున్నాను. లోపం ఎక్కడ ఉంది?

జవాబు: ఫొటోను భూతద్దం పెట్టి చూశాను. ట్యాంకుకు వంక పెట్టడానికి లేదు. అచ్చు గీతలు శుభ్రంగా గీకేశారు, చక్రాలు ఒకే వరుసలో ఉన్నాయి, చైన్ల మీద తుప్పు కూడా అతిగా పూయలేదు. చిక్కంతా మనుషులతోనే. కమాండరు ఆకాశంలోకి చూస్తున్నాడు. డ్రైవరు కుడివైపు పొదను, అతని పక్కవాడు తన మోకాళ్లను చూస్తున్నారు. టరెట్టు (ఫిరంగితో పాటు తిరిగే పై భాగం) మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరు తూర్పు, ఒకరు పడమర. వీళ్లు ఒకే బండిలో వచ్చినవాళ్లలా లేరు, ఒకే అట్టపెట్టెలో వచ్చినవాళ్లలా ఉన్నారు.

రంగు సీసా మూత తీయకముందే తేల్చుకోవలసినది ఒకటుంది. ఆ ట్యాంకు అక్కడ ఎందుకు ఆగింది? జవాబు ఒక్క వాక్యంలో రావాలి. ‘పటంలో ఉన్న వంతెన ఎదురుగా లేదు, డ్రైవరేమో దారి సరైనదే అంటున్నాడు’ అనుకోండి. ఇక ఎవరి తల ఎటు తిరగాలో ఆ వాక్యమే చెబుతుంది. కమాండరు చేతిలో పటం ఉంటుంది కానీ చూపు దాని మీదుగా డ్రైవరు ముఖం మీదికి పోతుంది. డ్రైవరు మెడ తిప్పి పైకి చూస్తాడు. మిగిలినవాళ్లు ఆ గొడవ వింటూనో, విననట్టు నటిస్తూనో ఉంటారు.

తలలు తిప్పడం పెద్ద పనేమీ కాదు. సన్నటి రంపంతో కాలరు అంచు దగ్గర మెడ కోసి, రెండు వైపులా అర మిల్లీమీటరు రంధ్రం చేసి, రాగి తీగ ముక్క దూర్చండి. జిగురు పెట్టే ముందు బొమ్మ ముక్కు కొన నుంచి నేరుగా ముందుకు ఒక చీపురు పుల్ల పట్టి చూడండి. పుల్ల రెండో కొస ఎవరి ముఖానికి తగిలితే ఆ బొమ్మ చూస్తున్నది వాళ్లనే. ఇన్నేళ్లయినా నేను నా కంటిని నమ్మను, పుల్లనే నమ్ముతాను. తల బాగా పక్కకు తిరిగితే భుజం కూడా కాస్త వెంట వెళ్లాలి. లేకపోతే గుడ్లగూబ కూర్చున్నట్టు ఉంటుంది.

ఇంకో సంగతి. మీది తొలినాళ్ల షెర్మన్. 75 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న ఆ టరెట్టు కప్పు మీద ఒకటే ద్వారం. కమాండరుకూ, గురి చూసే గన్నరుకూ, గుండ్లు నింపే లోడరుకూ అదే దిక్కు. లోడరుకు సొంత మూత తర్వాత కాలపు బండ్లలో వచ్చింది. మీ కమాండరు ఆ ద్వారంలో నడుము దాకా నిలబడి ఉన్నాడు, గన్నరూ లోడరూ బయట కూర్చున్నారు. అంటే ముందు ముగ్గురూ దిగి, తర్వాత కమాండరు మళ్లీ లోపలికి ఎక్కాడన్నమాట. బండి ఆగి చాలాసేపయింది. మరి గన్నరు తలకు ఇంకా హెల్మెట్ ఎందుకు బిగించి ఉంది? ఆ హెల్మెట్ ఊడదీసి ఒళ్లో పెట్టండి, లేదా ఆ ఇద్దరినీ తీసేయండి. వాళ్లు లోపల ఉన్నారని చూసేవాళ్లు తామే అనుకుంటారు. పెట్టెలో అయిదుగురు ఉన్నంత మాత్రాన అయిదుగురినీ పైకి తేవాలని లేదు.

ఈ నీతులు చెప్పే నేనూ తక్కువ తినలేదు. నా మొదటి డయోరమాలో 76 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న సోవియట్ ట్యాంకు టీ-34 మీద అయిదుగురిని ఎక్కించాను. మా మేనకోడలు వేళ్ల మీద లెక్కపెట్టి, "ఈ అయిదో ఆయన ఎక్కడ కూర్చుంటాడు మామయ్యా?" అని అడిగింది. ఆ ట్యాంకులో సీట్లు నాలుగే. గురి చూసే పని కూడా కమాండరుదే. అయిదో ఆయన దారి చూపించడానికి ఎక్కాడని బొంకాను. అది నమ్మలేదు.

ప్రశ్న: నేను రంగు వేసిన బొమ్మలన్నీ దెయ్యాన్ని చూసినట్టు గుడ్లు మిటకరిస్తున్నాయి. ఇంకా సన్నటి బ్రష్షు కొనాలా?

జవాబు: వద్దు. ముందు లెక్క చూడండి. మనిషి కన్ను తెరిచినప్పుడు కనబడే భాగం సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పు, 1 సెంటీమీటరు ఎత్తు. దాన్ని 35తో భాగిస్తే వెడల్పు మిల్లీమీటరు లోపే, ఎత్తు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. అంత చోటులో మీరు తెల్లగుడ్డు, నల్లగుడ్డు, మెరుపు చుక్క అన్నీ ఇరికిస్తున్నారు. పైగా ఎండలో నిలబడిన సైనికుడు కళ్లు చికిలించే ఉంటాడు.

తెలుపు మానేయండి. పై రెప్ప ఉండవలసిన చోట ముదురు గోధుమ రంగుతో ఒక్క గీత గీసి వదిలేయండి. నలుపు వాడితే కాటుక పెట్టినట్టు అవుతుంది. అసలు చూపు వచ్చేది కంటిలోంచి కాదు, కనుబొమల కింద, ముక్కు పక్కన, కింది పెదవి అడుగున పడే నీడల్లోంచి. వాటికి ఆయిల్ రంగులు మేలు. మెల్లగా ఆరతాయి కాబట్టి నీడ అంచును చర్మపు రంగులోకి తీరుబడిగా కలుపుకోవచ్చు. బ్రష్షు విషయానికొస్తే, మరీ చిన్నదాంట్లో రంగు ముఖాన్ని చేరేలోపే ఎండిపోతుంది. కొన చెదరని ఓ మోస్తరు బ్రష్షు చాలు. బొమ్మను సీసా మూతకు అతికించి పట్టుకోండి, రెండు మణికట్లనూ ఒకదానికొకటి ఆనించండి. చెయ్యి వణికినా రెండూ కలిసే వణుకుతాయి.

ప్రశ్న: జీపు ముందు అద్దాన్ని సూపర్ గ్లూతో అతికించాను. తెల్లారేసరికి అద్దం మీద పాలపొర కట్టింది. ఏం చేయను?

జవాబు: ఆ జిగురు ఆవిరే అలా పేరుకుంటుంది. మెత్తటి పాలిషుతో రుద్ది, పైన మెరిసే వార్నిష్ పలచగా పూస్తే కొంత పోవచ్చు. ఈసారి అద్దాలకు చెక్క పనికి వాడే తెల్ల జిగురు వాడండి. ఎండితే కనబడదు.

ప్రశ్న: నేల ఎంత బాగా చేసినా ట్యాంకు దాని మీద తేలుతున్నట్టే ఉంటుంది. బొమ్మలూ అంతే.

జవాబు: అసలు షెర్మన్ బరువు 30 టన్నులకు అటూ ఇటూ. మీ ప్లాస్టిక్ ట్యాంకు బరువు గుప్పెడు శనగలంత. ఆ తేడాను నేలే పూడ్చాలి. ప్లాస్టరు, తెల్ల జిగురు, మట్టి రంగు పొడి కలిపిన ముద్ద ఇంకా పచ్చిగా ఉండగానే చైన్లను లోపలికి నొక్కండి. వెనక వదిలిన చాళ్లు చైను వెడల్పుకు సరిగ్గా సరిపోవాలి. ఇసుకను జల్లెడ పట్టడం మరచిపోకండి. ఈ స్కేలులో మిల్లీమీటరు రేణువు అంటే మూడున్నర సెంటీమీటర్ల రాయి. మీరు బాట అనుకున్నది చూసేవాళ్లకు కంకర గుట్ట.

బొమ్మల బూట్ల అడుగు భాగాన్ని ఆకురాయితో చదును చేసి, మడమలో తీగ గుచ్చి, అదే పచ్చి నేలలో దించండి. ఆ తర్వాత అదే ముద్దను కాస్త పలచన చేసి బూట్లకు, మోకాళ్లకు, చక్రాలకు అంటించండి. నేల ఎర్రగా ఉండి బూట్ల బురద బూడిద రంగులో ఉంటే వీళ్లు నిన్న ఎక్కడో తిరిగి ఇప్పుడే ఎగిరి వచ్చినట్టు ఉంటుంది.

మనుషులు ఎక్కే దారి ఒకటి ఉంటుంది కదా, దాన్ని వెతికి పట్టుకోండి. ముందు భాగంలో కాలు మోపే చోట, చెయ్యి పట్టుకునే కొక్కెం దగ్గర, మూత అంచు మీద ఆకుపచ్చ రంగు అరిగి ఇనుము నున్నగా మెరుస్తుంది. మెత్తటి పెన్సిలు పొడిని వేలికి రాసుకుని ఆ అంచుల మీద ఒక్కసారి రాయండి. బురద చారలు కూడా ఆ దారినే పైకి పోవాలి. సిబ్బంది ఎవరూ కనబడకపోయినా ఆ బండి ఎవరిదో ఉంది అనిపిస్తుంది.

ప్రశ్న: 32 కాదు, 36 కాదు, ఈ 35 ఎక్కడి లెక్క?

జవాబు: శాస్త్రమేమీ లేదు. 1960ల మొదట్లో జపాన్ సంస్థ టామియా పాంథర్ ట్యాంకు కిట్టు తెచ్చినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టేలా సైజు పెట్టుకుంది. తర్వాత కొలిస్తే సుమారు 35వ వంతు తేలింది. బ్యాటరీ కోసం కుట్టిన చొక్కాను ఇప్పుడు మనందరం తొడుక్కుంటున్నాం.

ప్రశ్న: నాకు బొమ్మలకు రంగు వేయడం రాదు. ట్యాంకు ఒక్కటే పెడితే తప్పా?

జవాబు: తప్పేమీ లేదు. కానీ మూతలన్నీ మూసి అతికించండి. తెరిచి ఉంచితే జనం వంగి లోపలికి తొంగి చూస్తారు. అక్కడ వాళ్లకు కనబడేది రంగు కూడా వేయని ప్లాస్టిక్ డొల్ల.