చలికాలం అప్పు, షాద్‌నగర్ ప్లాటు

ప్రశ్న: 2025 ఆగస్టులో పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద కరీంనగర్ నుంచి కెనడాలోని విన్నిపెగ్ వచ్చాం. మా ఆయన జీతం చేతికి నెలకు 4,500 డాలర్లు. నాకింకా ఉద్యోగం దొరకలేదు. పాపకు 9 ఏళ్లు, బాబుకు 4. షాద్‌నగర్ ప్లాటు అప్పుకు నెలకు రూ.50 వేల ఈఎంఐ ఇక్కడి నుంచే పంపుతున్నాం. జాకెట్లు, బూట్లు, పాత కారు, దానికి వింటర్ టైర్లు, హీటింగ్ బిల్లు కలిసి క్రెడిట్ కార్డు మీద 4,800 డాలర్లు పేరుకున్నాయి. నెలనెలా కనీస మొత్తమే కడుతున్నాం. ఊళ్లో బ్యాంకులో రూ.3 లక్షల చొప్పున రెండు ఎఫ్‌డీలున్నాయి. వాటిని ముట్టుకోవద్దంటారు మా ఆయన. ఏం చేయమంటారు? వచ్చే సంక్రాంతికి ఊరెళ్లొచ్చా?

జవాబు: మీవారి పట్టుదల నాకు అర్థమవుతుంది. ఊళ్లో కాస్త డబ్బుంటే గుండెకు ధైర్యం. కానీ ఇండియా డబ్బు వేరు, కెనడా డబ్బు వేరు అనుకుంటే రెండు చోట్లా నష్టపోయేది మీరే. లెక్క చూడండి. కెనడాలో కార్డుల వడ్డీ సాధారణంగా 20 శాతం దగ్గర ఉంటుంది. 4,800 డాలర్లకు నెలకు 80 డాలర్లు. డాలరు 60 రూపాయలనుకున్నా రూ.4,800. మీ 3 లక్షల ఎఫ్‌డీ మీద నెలకు వచ్చేది, పన్నుకు ముందే, మహా అయితే 1,700. ఆ ఎఫ్‌డీని ముట్టుకోకుండా ఉంచినందుకు నెలకు మూడు వేలు ఎదురు కడుతున్నారన్నమాట.

ఆ డబ్బును కెనడాకు తెప్పించక్కర్లేదు. ఒక ఎఫ్‌డీని తీసేసి, ఆ 3 లక్షల్లోంచి ఆరు నెలల ఈఎంఐ ఇండియాలోనే కట్టించండి. గడువుకు ముందే తీస్తే వడ్డీ కొంచెం కోస్తారు, ఫర్వాలేదు. ఈఎంఐ కోసం మీరు పంపే 850 డాలర్లు ఆ ఆరు నెలలూ మీ దగ్గరే మిగులుతాయి. వాటిని ఒక్క డాలరు తగ్గకుండా కార్డుకు కట్టండి. ఆరు నెలల్లో 5,100 అవుతుంది. మధ్యలో పడే వడ్డీతో సహా బాకీ తీరిపోతుంది. ఈలోపు ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకూడదు, సరుకులు కూడా డెబిట్ కార్డు మీదే. రెండో ఎఫ్‌డీ మీవారి ధైర్యానికి అలాగే ఉండనివ్వండి.

అన్నట్టు, మీ పాత సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌వోగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా మార్పించారా? విదేశంలో స్థిరపడ్డాక మామూలు ఖాతా కొనసాగించకూడదు. ఎన్‌ఆర్‌వో వడ్డీ మీద బ్యాంకు 30 శాతం, పైన సెస్సు కలిపి టీడీఎస్ పట్టుకుంటుంది. ఆ వడ్డీని కెనడా రిటర్నులో కూడా చూపించాలి. ఇండియాలో కట్టిన పన్నుకు అక్కడ నిబంధనల మేరకు తగ్గింపు ఇస్తారు.

మీ ఉత్తరంలో ఎక్కడా కనపడనిది కెనడా చైల్డ్ బెనిఫిట్, అంటే పిల్లల కోసం అక్కడి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు. దరఖాస్తు చేశారా? పీఆర్ ఉన్నవాళ్లు వచ్చిన వెంటనే ఆర్‌సీ66 ఫారం, దానికి జతగా ఆర్‌సీ66 ఎస్‌సీహెచ్ నింపి పంపొచ్చు. 2025 జులై నుంచి 2026 జూన్ దాకా గరిష్ఠంగా ఆరేళ్లలోపు బిడ్డకు ఏడాదికి 7,997 డాలర్లు, ఆరు నుంచి పదిహేడేళ్ల బిడ్డకు 6,748. ఆ ఏడాదికి చూసేది 2024 ఆదాయం, అంటే మీవారి కరీంనగర్ జీతం. డాలర్లలోకి మారిస్తే అది చిన్న మొత్తమే అవుతుంది కాబట్టి గరిష్ఠానికి దగ్గరగానే రావచ్చు. ఇద్దరు పిల్లలకూ కలిపి నెలకు 1,200 డాలర్లు దాటే మాట! ఇన్నాళ్లూ అడక్కపోయి ఉంటే ఇవాళే పంపండి, అర్హత మొదలైన నెల నుంచి లెక్కగడతారు. 2026 జులై నుంచి 2025 ఆదాయాన్ని బట్టి మారుతుంది, తగ్గుతుంది కూడా. మీకు సంపాదన లేకపోయినా ఏప్రిల్ 30లోగా ఇద్దరూ రిటర్ను వేయాలి. వేయకపోతే ఈ డబ్బు ఆగిపోతుంది.

ఇక చలి సంగతి. విన్నిపెగ్‌లో మైనస్ 30 ఏటా వచ్చేదే, కాబట్టి దాన్ని అనుకోని ఖర్చు కింద రాయకండి. మీ 4,800లో టైర్లు, మీ ఇద్దరి జాకెట్లు, బూట్లు కొన్నేళ్లు వస్తాయి. ఏటా తిరిగి వచ్చేవి హీటింగ్, పిల్లల బట్టలు. హీటింగ్‌కు మీ కరెంటు, గ్యాస్ సంస్థ మానిటోబా హైడ్రో వాళ్ల ఈక్వల్ పేమెంట్ ప్లాన్ అడగండి. ఏడాది బిల్లును నెలలకు సర్దేస్తారు, జనవరి బిల్లు చూసి గుండె ఆగే పని ఉండదు. కారు ఇంజిన్‌ను వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్‌ను రాత్రంతా ప్లగ్‌లో ఉంచక్కర్లేదు. టైమర్ పెట్టి, బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు ఆన్ అయ్యేలా చూస్తే చాలు. టైర్లను విడి రిమ్ములకు బిగించి పెట్టుకుంటే అక్టోబరులో, ఏప్రిల్‌లో మార్పించే కూలీ తగ్గుతుంది.

పిల్లల స్నో ప్యాంట్లు, బూట్లు మాత్రం కొత్తవి కొనకండి. ఒక్క సీజన్‌కే పొట్టయిపోతాయి. వాల్యూ విలేజ్ లాంటి సెకండ్ హ్యాండ్ షాపుల్లో శుభ్రమైనవే దొరుకుతాయి. ‘కెనడా వెళ్లి పాత బట్టలేంటి’ అని వీడియో కాల్‌లో ఎవరైనా అంటే అననివ్వండి, అక్కడ పుట్టి పెరిగినవాళ్లూ అవే కొంటారు. పెద్దవాళ్లకు కావాల్సినవి ఫిబ్రవరి, మార్చి క్లియరెన్స్‌లో తీసుకోండి. కార్డు బాకీ తీరాక నెలకు 120 డాలర్లు ‘చలికాలం’ అని వేరే ఖాతాలో వేస్తూ ఉండండి.

మీవారికి ఒక చిన్న పని. కెనడాలో అడుగుపెట్టిన నాటికి ప్లాటు ధర ఎంతో వాల్యూయర్‌తో రాయించి పెట్టుకోమనండి. రేపు అమ్మితే కెనడా లాభం లెక్క ఆ రోజు ధర నుంచే మొదలవుతుంది, మీరు కొన్న ధర నుంచి కాదు. ఇప్పుడైతే ఆ కాగితం తేలిగ్గా వస్తుంది, పదేళ్ల తర్వాత కష్టం.

సంక్రాంతికి వద్దంటాను. డిసెంబరు, జనవరి టికెట్ల ధర మండిపోతుంది, నలుగురికి కలిపితే మళ్లీ అదే కార్డు మీద అంతే అప్పు. పాప స్కూలుకు మార్చి చివర్లో వారం సెలవులుంటాయి. 2027లో వాటికి ముందో వెనకో ఇంకో వారం కలుపుకుని వెళ్లండి. ఆ టికెట్ల డబ్బు చైల్డ్ బెనిఫిట్‌లోంచి ఇప్పటి నుంచే పక్కన పెట్టొచ్చు.