ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ వేయిస్తే ఘాట్ రోడ్డులో పికప్ పెరుగుతుందా?

1.2 లీటర్ల పెట్రోల్ కారు, నలుగురు కూర్చుంటే తిరుమల ఘాట్‌లో లాగడం లేదు, కంపెనీ సైలెన్సర్ తీసేసి ఫ్రీ ఫ్లో, అంటే పొగకు అడ్డు తక్కువగా ఉండే వెడల్పాటి ఎగ్జాస్ట్, వేయిస్తే ఫలితం ఉంటుందా అని మీరు అడిగారు. శబ్దం పెరుగుతుంది, పికప్ పెరగదు. నాదీ ఇదే తరహా కారు, ఉండేదీ తిరుపతిలోనే. ఇదే ఇబ్బంది నాకూ వచ్చింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇలాంటి ఇంజిన్ల గరిష్ఠ శక్తి సుమారు 6000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తుంది. పొగ పోవడానికి దారి చాలడం లేదన్న సమస్య ఉంటే గింటే అక్కడే ఉంటుంది. అలిపిరి దాటాక మలుపుల్లో మనం నడిపేది రెండో గేరులోనో మూడో గేరులోనో, 2000 నుంచి 3500 మధ్య. ఆ మాత్రం పొగకు కంపెనీ పైపు ధారాళంగా సరిపోతుంది. పైగా ఘాట్‌లో ఎక్కడానికి 28 నిమిషాల కంటే, దిగడానికి 40 నిమిషాల కంటే తక్కువ సమయం పట్టకూడదన్న నిబంధన ఉండనే ఉంది. అక్కడ తొందరపడి సాధించేది ఏమీ లేదు.

పైపు వెడల్పు పెంచితే నష్టం కూడా ఉంది. సిలిండర్ నుంచి వెలువడే ప్రతి విడత పొగ వేగంగా దూసుకుపోతూ తన వెనుక ఒత్తిడిని తగ్గిస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుంటుంది కదా, ఆ క్షణంలో మిగిలిన పొగను బయటికి లాగి కొత్త గాలిని లోపలికి రప్పించేది ఆ తగ్గిన ఒత్తిడే. పైపు మరీ లావైతే పొగ వేగం పడిపోయి ఆ లాగుడు బలహీనపడుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో, అంటే సరిగ్గా మీకు అవసరమైన చోట, కారు మందగిస్తుంది. ఇంజిన్‌కు బ్యాక్ ప్రెషర్, అంటే పొగకు ఎదురొత్తిడి, ఉండాలని మెకానిక్ షెడ్లలో చెప్పే మాట పుట్టింది ఇక్కడే. నిజానికి ఇంజిన్‌కు కావలసింది అడ్డు కాదు, పొగలో వేగం.

నా కారు భాకరాపేట ఘాట్‌లో మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా 3000 దాటడం మానేసింది. నాకు తెలిసిన మెకానిక్ కారు కిందికి దూరి, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో తట్టాడు. లోపల గాజు పెంకులు కదిలిన చప్పుడు వచ్చింది. తర్వాత కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ మీటర్ బిగించాడు. ఐడిలింగ్‌లో, అంటే కారు ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, ఒత్తిడి ఒకటిన్నర పీఎస్‌ఐ లోపు, 2500 ఆర్‌పీఎం దగ్గర మూడు లోపు ఉండాలి. నా కారులో 2500కు చేరేసరికి ముల్లు మూడును ఎప్పుడో దాటేసింది.

కారణం ఇంజిన్ మిస్సింగ్. స్పార్క్ ప్లగ్గుకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ ఒకటి బలహీనపడి, ఆ సిలిండర్‌లో కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండింది. ఆ వేడికి లోపలి సిరామిక్ తేనెపట్టు కరిగి, విరిగి, దారికి అడ్డం పడింది. ముందు కాయిల్ మార్చి, ఆ తర్వాతే కొత్త కన్వర్టర్ వేశాడు. వరుస తప్పితే కొత్తదీ అలాగే పోతుంది. మరునాడు అదే ఎత్తులో అదే మూడో గేరులో కారు హాయిగా ఎక్కింది. వెనుక సైలెన్సర్ ముట్టుకోనే లేదు. మన కార్లలో కన్వర్టర్ ఇంజిన్‌ను ఆనుకునే ఉంటుంది, అక్కడ అడ్డు పెట్టుకుని చివర ఎంత ఖరీదైన సైలెన్సర్ తగిలించినా ప్రయోజనం లేదు. అన్నట్టు, పాత కన్వర్టర్‌ను షెడ్డులో వదిలి రాకండి. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, దానికి మంచి ధర పలుకుతుంది.

కన్వర్టర్ తీసేసి ఖాళీ పైపు వెల్డింగ్ చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కన్వర్టర్ తర్వాత ఉండే రెండో ఆక్సిజన్ సెన్సర్ పసిగడుతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, పొల్యూషన్ పరీక్షలోనూ ఇబ్బంది తప్పదు. చట్టం సంగతి వేరే ఉంది. అనుమతి లేని మార్పులకు మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ పరిమితులు దాటితే 190వ సెక్షన్ కింద 10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ.

పొగ వేగంతో తిరిగే చక్రం ద్వారా గాలిని లోపలికి నెట్టే టర్బో ఇంజిన్ల లెక్క వేరు. టర్బో తర్వాత అడ్డు తగ్గితే అది త్వరగా తిరుగుతుంది, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) ట్యూనింగ్ కూడా కలిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. మీది టర్బో కాదు.

మీరు ముందుగా ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, టైర్లలో గాలి చూపించండి. ఎత్తులో ఆర్‌పీఎం పెరుగుతున్నా కారు వేగం పెరగకపోతే అది క్లచ్ జారడం. ఆర్‌పీఎమ్మే పెరగకపోతే నేను చెప్పిన ప్రెషర్ పరీక్ష చేయించండి, ఖర్చు పెద్దగా ఉండదు. రీడింగు ఎంత వచ్చిందో, కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఇక్కడ రాస్తే తర్వాత ఏమి మార్చాలో చూద్దాం.